బ్లూమింగ్టన్–నార్మల్ జనాభా: ఏ హద్దు లోపలి లెక్క?

సంపాదకులకు నమస్కారములతో,

రెండు వారాల కిందట మీ ఆదివారం అనుబంధంలో బ్లూమింగ్టన్–నార్మల్ అనే జంట పట్టణాల గురించి పేజీ నిండా వ్యాసం వేశారు. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ఉన్న ఆ ఊళ్లలో మన ఓరుగల్లు పిల్లలు ఎందరో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. న్యూయార్కు, డాలస్‌ల గురించే తప్ప అంత చిన్న ఊరి గురించి మన పత్రికల్లో కనబడడం అరుదు కనుక ఇష్టంగా చదివాను. కాని బ్లూమింగ్టన్ నగర జనాభా లక్షా డెబ్బయి వేలని ఒకచోట, అక్కడ 'ఇంచుమించు సగం మంది తెలుగువారే' అని మరోచోట రాసిన మాటలు రెండూ నిలబడేవి కావు. నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. 1991, 2001 జనగణనల్లో ఎన్యూమరేటరుగా, 2011లో సూపర్‌వైజరుగా ఇల్లిల్లూ తిరిగాను. మా అమ్మాయి, అల్లుడు నార్మల్‌లో కాపురముంటారు గనుక వారి దగ్గర రెండు విడతలుగా పదకొండు నెలలు గడిపి వచ్చాను. ఆ రెండు ఎరుకలూ ఉన్నందువల్ల ఈ జాబు రాసే చనువు తీసుకుంటున్నాను.

మొదట లక్షా డెబ్బయి వేల సంగతి. అది గాలిలోంచి పుట్టిన అంకె కాదు. బ్లూమింగ్టన్ ఏ కౌంటీకి కేంద్రమో ఆ మెక్లీన్ కౌంటీ జనాభా 2020 లెక్క ప్రకారం 1,70,954. కౌంటీ అంటే మన జిల్లా వంటిది. విస్తీర్ణంలో అది ఇల్లినాయ్ రాష్ట్రంలోకెల్లా పెద్ద కౌంటీ. దానిలో ఎక్కువ భాగం ఊరు కానే కాదు, మక్క చేలు, సోయా చేలు. కారులో పదిహేను నిమిషాలు ఏ దిక్కుకు వెళ్లినా ఆకాశం అంచుదాకా మక్కే కనబడుతుంది. మా అమ్మాయి నన్ను మొదటిసారి అటు తీసుకుపోయినప్పుడు, పరకాల నుంచి భూపాలపల్లి పోయే దారిలో చెట్లన్నీ కొట్టేసి ఒకే కమతం చేసినట్టుందని అనుకున్నాను. ఆ చేల నడుమ ఉన్న పల్లెల జనాన్ని కూడా కలిపితే వచ్చేదే మీ వ్యాసంలోని అంకె. బ్లూమింగ్టన్ నగరం హద్దు లోపల ఉన్నవారు 78,680 మంది మాత్రమే. పక్కనున్న నార్మల్‌లో 52,736 మంది. రెండూ కలిపితే 1,31,416.

రెండు పేర్లు, రెండు మునిసిపల్ పాలనలు, రెండు పన్నుల లెక్కలు ఉన్నా ఊరు మాత్రం ఒకటే. ఒకచోట ఇద్దరి హద్దూ డివిజన్ స్ట్రీట్ అనే వీధి. వీధికి ఇటు ఇల్లు బ్లూమింగ్టన్, అటు ఇల్లు నార్మల్. మా అల్లుడు నార్మల్‌లో నిద్ర లేచి బ్లూమింగ్టన్‌లో ఆఫీసుకు పోతాడు, సాయంత్రం పిల్లను నార్మల్‌లో ఈతకు దింపి, బ్లూమింగ్టన్‌లో పాలు కొనుక్కొని వస్తాడు. వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో పెరిగినవారికి దీన్ని వేరే వివరించవలసిన పని లేదు. కాజీపేటలో రైలు దిగి, హనుమకొండలో చదువుకొని, వరంగల్ మార్కెట్లో పత్తి అమ్ముకొనే మనిషిని 'నీది ఏ ఊరు' అని అడిగితే అతడు ఏం చెబుతాడో, బ్లూమింగ్టన్–నార్మల్ మనిషి కూడా అదే చెబుతాడు. మనం త్రినగరి అంటాం, వాళ్లు జంట నగరాలు అంటారు.

మరో చిక్కు కూడా ఉంది. అమెరికాలో బ్లూమింగ్టన్లు ఒకటికి మించి ఉన్నాయి. ఇండియానా రాష్ట్రంలోని బ్లూమింగ్టన్ కూడా పేరున్న విశ్వవిద్యాలయం ఉన్న ఊరే. దాని జనాభా 2020లో 79,168. అంటే మన పిల్లలున్న బ్లూమింగ్టన్‌కూ దానికీ తేడా 488 మంది. మిన్నెసోటాలో ఇంకొకటి ఉంది, అక్కడ 89,987. ఎవరైనా ఇంటర్నెట్‌లో వెదికి అంకె తీస్తే ఏ రాష్ట్రపు ఊరిదో చూసుకోకుండా రాసే ప్రమాదం ఎంతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. మా వియ్యంకుడు ఒకసారి మనవరాలికి పంపిన పచ్చళ్ల పార్సిల్ మీద రాష్ట్రం పేరు తప్పు రాయడం వల్ల అది ఇండియానా చుట్టి, మూడు వారాలకు నూనె కారుతూ ఇల్లు చేరింది. అందుచేత ఈ విషయంలో నాకు కొంత స్వానుభవం ఉంది.

ఇక నగరం, కౌంటీ కాక మూడో లెక్క ఒకటి ఉంది. అమెరికా జనగణన శాఖ దాన్ని 'అర్బన్ ఏరియా' అంటుంది. మునిసిపాలిటీ గీసుకున్న గీతతో దానికి సంబంధం లేదు. ఇళ్లు ఎక్కడ దగ్గర దగ్గరగా ఉన్నాయో చూసి, చిన్న చిన్న బ్లాకులుగా కలుపుకుంటూ పోయి ఊరి అసలు ఆకారాన్ని పట్టుకుంటారు. 2020 జనగణన నుంచి ఈ పద్ధతి మారింది. అంతకుముందు మనుషుల సాంద్రతను చూసేవారు, ఇప్పుడు ఇళ్ల సాంద్రతను చూస్తున్నారు. చదరపు మైలుకు 425 ఇళ్లున్న జాగ మొదటి గుండెకాయ, దాని చుట్టూ పలచబడుతున్న అంచులను తరువాత చేరుస్తారు. అలా చేర్చినదానిలో కనీసం 2,000 ఇళ్లు గాని 5,000 మంది గాని ఉంటేనే అది పట్టణ ప్రాంతం. అంతకుముందు 2,500 మంది ఉంటే చాలు. 50,000 దాటినవాటిని ఒక పేరుతో, దాటనివాటిని మరో పేరుతో పిలిచే పాత విభజన కూడా పోయింది. ఈ మార్పు వల్ల ఎన్నో చిన్న ఊళ్లు ఒక్క రాత్రిలో పల్లెలైపోయాయి. దేశం మొత్తం మీద పట్టణవాసుల వాటా 2010లో నూటికి 80.7 ఉండగా 2020లో 80.0 అయింది. పట్టణాల్లో జనం పెరిగినా వాటా తగ్గింది, ఎందుకంటే కొలబద్ద మారింది. బ్లూమింగ్టన్–నార్మల్ రెండు మునిసిపాలిటీలుగా ఉన్నా ఈ లెక్కలో ఒకే పట్టణ ప్రాంతం. అమెరికన్ల కొలతలో అది చిన్నదే. మన దగ్గరైతే జిల్లా కేంద్రం కాగలిగినంత ఊరు.

మన జనగణన కొలబద్ద వేరు. మునిసిపాలిటీ అని ప్రభుత్వం ప్రకటిస్తే అది ఎలాగూ పట్టణమే. ప్రకటించకపోయినా 5,000 మంది జనాభా, చదరపు కిలోమీటరుకు 400 మంది సాంద్రత, పనిచేసే మగవారిలో నూటికి 75 మంది వ్యవసాయేతర పనుల్లో ఉండడం అనే మూడు షరతులు కుదిరితే దాన్ని 'సెన్సస్ టౌన్' అంటాం. మగవారి పనిని మాత్రమే ఎందుకు చూస్తారని 2001లో శిక్షణ తరగతిలో అడిగిన నాకు 'అమ్మా, రూలు అది' అన్న జవాబే దొరికింది. ఇక్కడ నేను చెప్పదలచినది ఒక్కటే. అమెరికాలోని అర్బన్ ఏరియాను మన పట్టణంతో, వారి కౌంటీని మన నగరంతో నేరుగా పోల్చి ఒక వాక్యంలో రాస్తే పాఠకుడికి తెలిసేది ఏమీ ఉండదు. అంకె పక్కన హద్దు పేరు రాయాలి.

చిన్న ఊరి జనాభాలో విద్యార్థులు ఎంతటి బరువో కూడా మీ వ్యాసంలో లేదు. నార్మల్‌లో ఇల్లినాయ్ స్టేట్ యూనివర్సిటీ ఉంది. అసలు ఊరికి ఆ పేరు వచ్చిందే దానివల్ల. 1857లో ఉపాధ్యాయ శిక్షణ కోసం పెట్టిన ఆ విద్యాలయాన్ని మొదట నార్మల్ యూనివర్సిటీ అనేవారు. అంతకుముందు నార్త్ బ్లూమింగ్టన్ అని పిలిచిన ఆ పేట 1865లో దాని పేరే పెట్టుకుంది. మన పాతతరం పంతుళ్లకు 'నార్మల్ స్కూలు' అన్న మాట తెలుసు. నేటి పిల్లలు మాత్రం 'నార్మల్' అంటే మామూలు ఊరనుకొని నవ్వుతారు. ఉపాధ్యాయురాలిగా బతికిన నాకు బడి పేరు పెట్టుకున్న ఊరిని చూసి కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. యాభై రెండు వేల జనాభా ఉన్న ఆ ఊళ్లో వేలాదిమంది విద్యార్థులు. అమెరికా నియమం ప్రకారం హాస్టల్లోనో అద్దెగదిలోనో ఉండి చదువుకొనే విద్యార్థిని తల్లిదండ్రుల ఊళ్లో కాక, చదువుకొనే ఊళ్లోనే లెక్కిస్తారు. 2020లో లెక్కింపు తేదీ ఏప్రిల్ 1. సరిగ్గా దానికి ముందే కరోనా వచ్చి విద్యాలయాలు మూసి పిల్లలను ఇళ్లకు పంపేశారు. అయినా కరోనా లేకపోతే ఎక్కడ ఉండేవారో అక్కడే లెక్కించమని జనగణన శాఖ చెప్పింది. అలా చెప్పినా ఖాళీ గదుల తలుపులు కొట్టి సమాధానం రాబట్టడం ఎంత పనో ఎన్యూమరేటరుగా తిరిగినవారికి తెలుసు. నార్మల్ జనాభా 2010లో 52,497 ఉండి, పదేళ్లకు 239 మందే పెరిగినట్టు కనబడడంలో ఆ ఏప్రిల్ నెల పాత్ర ఎంతో కొంత ఉండి ఉంటుందన్నది నా అనుమానం. అది అనుమానమే, లెక్క కాదు.

మన దగ్గర హాస్టల్‌ను 'సంస్థాగత కుటుంబం'గా రాస్తాం. 2001లో హనుమకొండలో నాకు పడ్డ బ్లాకులో ఒక వసతిగృహం ఉండేది. ప్రతి పిల్లవాడూ 'మా అమ్మ మా ఊళ్లో నా పేరు రాయిస్తుంది టీచర్, మీరు రాయకండి' అన్నవాడే. రెండుచోట్లా రాయకూడదని నచ్చజెప్పేసరికి రాత్రి తొమ్మిదైంది. చదువుల ఊరిగా పేరుపడ్డ హనుమకొండకు, రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ, కాకతీయ మెడికల్ కాలేజీ రెండూ మొదలైన 1959 నుంచీ ఈ సమస్య ఉన్నదే. కాకతీయ విశ్వవిద్యాలయం వచ్చిన 1976 తరువాత ఇంకా పెరిగింది.

ఇక సమూహాల మాట. మీ వ్యాసం చదివినవారికి ఆ ఊరు నిన్నగాక మొన్న మన సాఫ్ట్‌వేర్ పిల్లలు వెళ్లి వెలిగించినట్టు అనిపిస్తుంది. ఆ నేల మీద మొదట ఉన్నవారు కికాపూ తెగవారు. నేటి మెక్లీన్ కౌంటీలోనే వారి పెద్ద పల్లె ఒకటి ఉండేది. 1819లో జరిగిన ఒడంబడికతో ఆ భూమి వారి చేజారింది. ఆ పల్లె ఉన్న చోటు లె రాయ్ అనే చిన్న ఊరి దగ్గర ఉంది, మా అమ్మాయి వాళ్లు నన్ను తీసుకువెళ్లారు. గడ్డి, గాలి తప్ప అక్కడ చూడడానికి పెద్దగా ఏమీ లేదు. గోదావరి గట్టున ఖాళీ అయిన కోయగూడేల జాగల్లో నిలబడితే ఎలా ఉంటుందో నాకు అలాగే అనిపించింది.

తరువాత ఊరును పెంచినది రైలు. షికాగో–సెయింట్ లూయిస్ దారిలో నడిచిన షికాగో అండ్ ఆల్టన్ రైల్వే కంపెనీ తన మరమ్మతు షాపులను బ్లూమింగ్టన్‌లో పెట్టింది. జార్జి పుల్‌మన్ అనే ఆయన మామూలు పెట్టెలను నిద్రపెట్టెలుగా మార్చి 1859లో మొదటిసారి నడిపింది అక్కడినుంచే. ఆ షాపుల్లో పనికి ఐరిష్ వారు, జర్మన్లు వచ్చారు. ఊరి పడమటి దిక్కున ఉన్న పాత ఇళ్లు, చర్చిలు వారివే. మాకు కాజీపేట జంక్షన్ ఏమిటో వారికి ఆ షాపులు అది. లోకో షెడ్డుతో పాటు తమిళులు, ఆంగ్లో ఇండియన్లు, మలయాళీలు కాజీపేటకు వచ్చి చేరినట్టే, ఆవిరి ఇంజనుతో పాటు అక్కడికీ కొత్త భాషలు వచ్చాయి. ఆఫ్రికన్ అమెరికన్లు పంతొమ్మిదో శతాబ్దం నుంచే ఆ ఊరివారు. ఈనాటికీ ఊళ్లో ప్రతి పదిమందిలో ఒకరు వారే. వారిని మీ వ్యాసం ఒక్క మాటతోనైనా తలచుకోకపోవడం నాకు కష్టమనిపించింది. అబ్రహాం లింకన్ 1856 మే 29న ఆ ఊళ్లో బానిసత్వ విస్తరణకు ఎదురుగా చేసిన ప్రసంగాన్ని ఎవరూ పూర్తిగా రాసిపెట్టుకోలేదట. 'పోయిన ప్రసంగం' అనే పేరుతోనే అది చరిత్రలో నిలిచింది.

ఇరవయ్యో శతాబ్దంలో ఊరి బతుకుతెరువు మారింది. జార్జి మెకెర్లీ అనే రిటైరైన రైతు, పల్లెటూరి రైతుల కార్లకు నగరంలోని కార్లతో సమానంగా బీమా రుసుం వేయడం అన్యాయమని తలచి 1922లో స్టేట్ ఫార్మ్ కంపెనీ పెట్టాడు. పేరులో ఇప్పటికీ వ్యవసాయం మిగిలిన ఆ కంపెనీ అమెరికాలో పెద్ద బీమా సంస్థల్లో ఒకటైంది, కేంద్ర కార్యాలయం బ్లూమింగ్టన్‌లోనే ఉండిపోయింది. మన పిల్లలు ఆ ఊరికి చేరడానికి కారణం ఇదే. కోట్ల పాలసీల లెక్కలు చూసే కంప్యూటర్లకు మనుషులు కావాలి. మధ్యవర్తి కన్సల్టెన్సీల ద్వారా కాంట్రాక్టు మీద వచ్చి, తరువాత స్థిరపడ్డవారే మన తెలుగు కుటుంబాల్లో ఎక్కువ. మా అల్లుడు ఆ దారినే వెళ్లాడు. ఊరు చూసి మురిసి వెళ్లినవాడు కాదు. 'ఏడాది ప్రాజెక్టు, తరువాత షికాగో పోదాం' అనుకున్న కాపురానికి ఇప్పుడు పదకొండేళ్లు.

మరి ఎంతమంది? బ్లూమింగ్టన్ నగరంలో ఆసియా మూలాలవారు 2000 లెక్కలో నూటికి సుమారు ముగ్గురు, 2010లో సుమారు ఏడుగురు. ఇందులో భారతీయులే కాక చైనావారు, కొరియావారు, ఫిలిప్పీన్స్ వారు, వియత్నాం వారు అందరూ ఉన్నారు. భారతీయుల్లో తమిళులు, గుజరాతీలు, మరాఠీలు, హిందీవారు ఉన్నారు. అంతా వడబోస్తే మిగిలే తెలుగువారు సగం ఎలా అవుతారు? ఎదుగుదల వేగం నిజం. దేశం మొత్తం మీద చూసినా 2020లో తమను భారతీయ మూలమని మాత్రమే రాసుకున్నవారు సుమారు 44 లక్షలు, ఆసియా సమూహాలన్నింటిలో వారే మొదటివారు. అయితే వేగంగా ఎదగడం వేరు, సగం కావడం వేరు.

ఈ పొరపాటు ఎలా పుడుతుందో నాకు తెలుసు, ఎందుకంటే మొదటి నెలలో నేనూ అదే అనుకున్నాను. అక్కడికి వెళ్లే మనలాంటి తల్లిదండ్రుల తిరుగుడు చాలా చిన్నది. పొద్దున పిల్లలుండే అపార్టుమెంట్ల చుట్టూ నడక, శనివారం గుడి, ఆదివారం ఇండియన్ కిరాణా, ఎవరింట్లోనో పుట్టినరోజు. ఆ నాలుగు చోట్లా తెలుగే వినబడుతుంది. నడకలో ఎదురైన ప్రతి పెద్దమనిషీ 'మీది ఏ జిల్లా అండీ' అని అడిగేవాడే. రెండో నెలలో మా అమ్మాయి నన్ను గ్రంథాలయానికి చేర్చింది. బస్సులో వెళ్లి వచ్చేదాన్ని. ఆ బస్సులో తెలుగు వినబడలేదు. స్పానిష్ వినబడింది, చేతికర్రలతో ఎక్కే తెల్ల ముసలివాళ్లు, పనికి పోయే నల్లజాతి అమ్మలు, చెవిలో పాటలతో విద్యార్థులు కనబడ్డారు. మనవాళ్లందరికీ కార్లున్నాయి గనుక బస్సులో లేరన్నది నిజమే. కాని ఆ బస్సు ఎక్కకపోతే ఊరిలో ఇంకెవరున్నారో నాకు తెలిసేది కాదు.

పదేళ్లకోసారి జరిగే అమెరికా జనగణనలో తెలుగువారెంతమంది అన్న ప్రశ్నకు జవాబు దొరకదన్న విషయం కూడా పాఠకులకు చెప్పాలి. ఆ ఫారంలో భాష అడగరు. జాతి అడుగుతారు, భారతీయులకు 'ఏషియన్ ఇండియన్' అనే గడి ఉంటుంది. ఆ గడి వెనుక కూడా ఒక చరిత్ర ఉంది. 1920 నుంచి 1940 దాకా మూడు జనగణనల్లో మనవారిని, ఏ మతంవారైనా సరే, 'హిందూ' అనే జాతిగా రాశారు. 1970లో తెల్లవారిలో కలిపేశారు. అక్కడి భారతీయ సంఘాలు పట్టుబట్టిన మీదట 1980లో వేరే గడి వచ్చింది. ఇంట్లో ఏ భాష మాట్లాడతారన్న ప్రశ్న ఇప్పుడు 'అమెరికన్ కమ్యూనిటీ సర్వే'లో ఉంది. ఏటా సుమారు 35 లక్షల చిరునామాలకు పంపే ఆ సర్వే నమూనా లెక్క. దేశం మొత్తానికి తెలుగు మాట్లాడేవారి అంచనా దానినుంచే వస్తుంది. లక్షా ముప్పై వేల ఊరికి దించి చూసేసరికి అందులో ఎక్కువతక్కువల హద్దు చాలా పెద్దదవుతుంది. పత్రికలో రాసేటప్పుడు 'అంచనా' అన్న మాట వదలకూడదు.

అంకెలు పక్కన పెడితే, తక్కువమంది అయినా మనవారు అక్కడ నిలుపుకున్నది చూసి ముచ్చటపడ్డాను. అక్టోబరులో చలిగాలి మొదలైన తరువాత ఒక పార్కు షెడ్డులో బతుకమ్మ ఆడారు. తంగేడు లేదు, గునుగు లేదు. దారి పక్కన ప్రేరీ గడ్డిలో విరివిగా పూసే గోల్డెన్‌రాడ్ అనే పసుపుపూవు కోసుకువచ్చి తంగేడు చోట పేర్చారు. చామంతులు దుకాణంలో కొన్నారు. గుంటూరు అమ్మాయిలు, తమిళ అమ్మాయిలు కూడా వలయంలో చేరారు. పక్క షెడ్డులో పుట్టినరోజు చేసుకుంటున్న మెక్సికన్ కుటుంబంలోని అవ్వ ఒకామె లేచి వచ్చి, పూలు ఎలా పేర్చామో చేతులతో అడిగి తెలుసుకొని, పోతూ పోతూ నా చేతిలో కేకు ముక్క పెట్టింది. నీళ్లలో వదలడానికి చెరువు లేక, నిబంధనలూ ఒప్పుకోక, పెద్ద ప్లాస్టిక్ తొట్టిలో వదిలారు. వేయిస్తంభాల గుడి ముంగిట ఆడినదాన్ని గనుక మొదట మనసు చివుక్కుమన్నా, పాట ఎత్తుకున్నాక ఆ తేడా మరిచిపోయాను.

పరిశ్రమలు వచ్చి పోయే తీరులోనూ ఆ ఊరికీ మనకూ పోలిక ఉంది. 1988లో నార్మల్‌లో మిత్సుబిషి, క్రిస్లర్ కలిసి కార్ల కర్మాగారం మొదలుపెట్టాయి. దానితో కొన్ని జపాన్ కుటుంబాలు వచ్చాయి. జపాన్‌లోని అసహికావా నగరంతో ఆ జంట పట్టణాలకు 1962 నుంచే సోదర నగరాల బంధం ఉంది, కనుక వచ్చినవారికి ఊరు పూర్తిగా కొత్త కాదు. 2015లో కర్మాగారం మూతబడింది. మనం 1934లో మొదలై వేల కుటుంబాలకు అన్నం పెట్టిన ఆజంజాహి మిల్లు మూతబడితే చూశాం, అందుచేత ఆ మూత అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. తేడా ఆ తరువాత జరిగినదానిలో ఉంది. అక్కడ ఆ షెడ్లనే 2017లో రివియన్ అనే కంపెనీ కొని 2021లో కరెంటు బండ్లు తయారుచేయడం మొదలుపెట్టింది. పని కోసం ఇతర రాష్ట్రాలవారు వచ్చి చేరగా అద్దెలు పెరిగి, ఇళ్లు దొరకక, మా అమ్మాయి స్నేహితురాలు నాలుగు నెలలు వెతుక్కుంది. అంటే 2020 అంకె కూడా ఇప్పటి ఊరిని పూర్తిగా చూపదు. మిల్లు జాగలో మనకు మళ్లీ మిల్లు రాలేదు. ఊరి బయట గీసుగొండ వైపు జౌళి పార్కు వచ్చింది.

ఇంత దూరపు ఊరి గురించి ఇంత ఎందుకు రాశానంటే, అక్కడ మనవారిని లెక్కించిన తీరు చూసిన కళ్లతో ఇక్కడి లెక్కను చూస్తే కొన్ని లోపాలు కనబడ్డాయి. 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా పెట్టుకొని, 1931 తరువాత మొదటిసారిగా అన్ని కులాలనూ లెక్కిస్తూ జరగవలసిన జనగణన మన ముందుంది. మీ పత్రిక దానికి ముందే రెండు విషయాలు చర్చకు పెట్టగలదు.

ఒకటి హద్దు. 2011లో లెక్కించినప్పుడు మనది ఉమ్మడి వరంగల్ జిల్లా. 2016లో ఆ జిల్లాను ముక్కలు చేశారు. 2021లో అర్బన్ జిల్లా హనుమకొండ అయింది, రూరల్ జిల్లా వరంగల్ అయింది. కార్పొరేషన్ మాత్రం రెండు జిల్లాల్లోకీ విస్తరించి ఉంది. 42 గ్రామాలు కలిసిన తరువాతి హద్దు ప్రకారం ఎనిమిది లక్షల పైచిలుకు అని ఒకరు, పాత హద్దు ప్రకారం ఆరు లక్షల పైచిలుకు అని మరొకరు ఒకే 2011 జనగణన పేరు చెప్పి రాస్తున్నారు. రెండూ అబద్ధాలు కావు, ఏ హద్దో చెప్పకపోవడమే తప్పు. రేపటి లెక్కలు హనుమకొండ జిల్లా పట్టికలో కొంత, వరంగల్ జిల్లా పట్టికలో కొంత వస్తే త్రినగరి మొత్తం ఎంతో తెలుసుకోవడానికి ప్రతివాడూ కూడికలు వేసుకోవలసి వస్తుంది. బ్లూమింగ్టన్, నార్మల్ వేర్వేరు పాలనలో ఉన్నా ఒకే పట్టణ ప్రాంతంగా ఒక పంక్తిలో దొరికినట్టు, మన మూడూళ్లూ, వాటిని ఆనుకొని కట్టుకుంటూ పోతున్న మడికొండ, హసన్‌పర్తి వైపులూ ఒక పంక్తిలో దొరకాలి.

రెండోది భాష. అమెరికా పట్టికలో తెలుగుకు సొంత పంక్తి ఉందని మనం గర్వపడతాం. ఇక్కడ మన తండాల్లో మాట్లాడే లంబాడీ భాషకు మన జనగణనలో సొంత స్థానం లేదు. దేశంలో లంబాడీ లేదా లమాణీ మాతృభాషగా చెప్పినవారు 2011లోనే 32 లక్షలకు పైగా ఉన్నా, భాషల పట్టికలో వారిని హిందీ కింద కలిపి చూపుతారు. నేను 1991లో నర్సంపేట వైపు ఒక తండాలో లెక్క రాస్తున్నప్పుడు 'మాతృభాష' గడిలో లంబాడీ అని రాశాను. అది పై పట్టికలో హిందీలో కలిసిపోతుందని అప్పుడు నాకు తెలియదు. ఆ ఇంటి ముసలమ్మకు హిందీ ఒక్క ముక్క రాదు. నాతో తెలుగులో, కోడలితో లంబాడీలో మాట్లాడింది.

చివరిగా ఒక విన్నపం. మీ ఆదివారం అనుబంధంలోని అంకెలను గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలు కత్తిరించి దాచుకుంటారు. మా వీధిలోనే ఇద్దరు అలా మీ వ్యాసం దాచుకోవడం చూశాను. అందుచేత వచ్చే సంచికలో, చిన్న పెట్టెలోనైనా సరే, 2020 జనగణన ప్రకారం బ్లూమింగ్టన్ నగరం 78,680, నార్మల్ పట్టణం 52,736, మెక్లీన్ కౌంటీ 1,70,954 అని విడివిడిగా వేసి, 'సగం మంది తెలుగువారే' అన్న వాక్యాన్ని ఉపసంహరించుకోవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయురాలు,
హనుమకొండ